షేక్‌స్పియర్ ఇంగ్లీషు: తెలిసిన మాటల దగ్గరే తిప్పలు

1600 ప్రాంతపు ఇంగ్లీషు నాటకంలో కొత్త మాటతో పెద్ద ఇబ్బంది లేదు, ఎలాగూ ఫుట్‌నోట్ చూస్తాం. ముంచేది తెలిసిన మాటే. ‘హామ్లెట్’ మొదటి అంకం నాలుగో రంగంలో దయ్యం వెంట వెళ్లబోతున్న హామ్లెట్‌ని పక్కనున్నవాళ్లు పట్టుకుంటారు. నన్ను ‘లెట్’ చేసేవాణ్ణి దయ్యాన్ని చేసేస్తా అంటాడు. వెళ్లనిచ్చేవాణ్ణి చంపడమేమిటి? అప్పట్లో ‘లెట్’ అంటే అడ్డుకోవడం అని కూడా.

నాకు పనిచేసిన పద్ధతి ఇది. మొదటిసారి రంగమంతా ఆగకుండా చదవాలి. రెండోసారి, మాటలన్నీ తెలిసినా అర్థం అతకని వాక్యం కింద పెన్సిల్ గీత పెట్టాలి. అలాంటివే ష్మిట్ లెక్సికన్‌లో, అంటే షేక్‌స్పియర్ మాటల నిఘంటువులో, వెతకాలి. పాతదే (1874-75), కానీ ఏ నాటకంలో ఎక్కడ ఏ అర్థమో చూపిస్తుంది. చిన్న డిక్షనరీ ఇక్కడ దారి తప్పిస్తుంది. ‘ప్రెజెంట్లీ’ చాలాచోట్ల ‘వెంటనే’, ‘స్టిల్’ తరచుగా ‘ఎప్పుడూ’, ‘యాన్’ కొన్నిచోట్ల ‘ఇఫ్’. జూలియెట్ ‘వేర్‌ఫోర్’ అని అడిగేది ఎక్కడని కాదు, ఎందుకని.

‘దౌ’, ‘యూ’ తేడా మనకు తేలికే: నువ్వు, మీరు. ‘దౌ’ కూడా మన నువ్వులాగే దేవుడికీ, ప్రేమకీ, తిట్టుకీ పనికొస్తుంది. ఒకే మనిషితో మాట్లాడుతూ ఒకదాని నుంచి మరోదానికి మారితే మాత్రం అక్కడ ఆగాలి. ‘కింగ్ లియర్’ మొదటి రంగంలో కెంట్ అనే కొలువులోని ప్రభువు ఏకంగా రాజునే ‘దౌ’ అంటాడు, పైగా ముసలాడా అని! ఈనాటి ఇంగ్లీషులోకి మార్చిన గైడ్లలో రెండూ ‘యూ’ అయిపోయి ఆ తెగువ సగం చప్పబడిపోతుంది.