పినియన్ ఫ్లాంజ్‌ను సుత్తి దెబ్బ పడకుండా ఊడదీయడం ఎలా?

పెద్ద టైర్లు వేశాక బండి లాగడం తగ్గితే యాక్సిల్‌లో గేర్ల నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ బలాన్ని యాక్సిల్‌కు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో) మార్చుకోవాల్సిందే. 3.73 తీసేసి 4.56 గానీ 4.88 గానీ వేయడం ఆఫ్‌రోడ్ బండ్లలో మామూలే. ఈ పనిలో క్రౌన్ వీల్ అనే పెద్ద గేరు, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్, బేరింగులు, ఆయిల్ సీల్ అన్నీ కొత్తవి పడతాయి. క్రౌన్ వీల్‌ను మోసే క్యారియర్‌ను పక్కన పెడితే, పాతది మళ్లీ ఎక్కేది ముఖ్యంగా ఫ్లాంజే, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను పినియన్‌కు కలిపే భాగమే. విచిత్రం ఏమిటంటే దెబ్బలన్నీ తినేది కూడా అదే. గేర్లను మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచి సెట్ చేసేవాళ్లు కూడా ఫ్లాంజ్ దగ్గరికి వచ్చేసరికి సుత్తి అందుకుంటారు.

ముందు సామాను. ఫ్లాంజ్‌ను పినియన్ మీద పట్టి ఉంచే నట్టుకు సరిపోయే ఆరు మూలల ఇంపాక్ట్ సాకెట్, పొడవాటి బ్రేకర్ బార్, ఫ్లాంజ్‌ను కదలకుండా పట్టే బార్, పుల్లర్, పెయింట్ మార్కర్, కింద పెట్టుకోవడానికి ట్రే. పన్నెండు మూలల సాకెట్ వద్దు, నట్టు మూలలు అరిగిపోతాయి. పట్టే బార్ మీటరుకు తగ్గకూడదు. మందపాటి ఇనుప పట్టీకి రెండు రంధ్రాలు వేసి ఫ్లాంజ్ బోల్టు రంధ్రాలకు బిగించుకుంటే చాలు. పైపు రెంచితో ఫ్లాంజ్‌ను కరిపించి పట్టుకోవడం పని కిందికి రాదు.

బండిని జాకీ మీద లేపి, ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టండి. ఆయిల్ దించి కవర్ తీయండి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కూ ఫ్లాంజ్‌కూ కలిపి ఒక గీత పెయింట్ చేసి, తర్వాతే షాఫ్ట్ విప్పండి. తిరిగి అదే వరసలో కలిపితే బ్యాలెన్స్ పోదు.

క్యారియర్‌ను మాత్రం ఇప్పుడే బయటికి తీయకండి. చాలామంది ముందు డిఫరెన్షియల్ మొత్తం ఖాళీ చేసి, చివర్లో పినియన్ నట్టు పని పడతారు. అది తలకిందుల పద్ధతి. క్యారియర్ లోపలే ఉంటే, ఫ్లాంజ్ ఊడినప్పుడు పినియన్ వెనక్కి జారి హౌసింగ్‌లో పడిపోదు. టయోటా 8 అంగుళాల యాక్సిల్‌లా డిఫరెన్షియల్ మొత్తం ఒకే ముద్దగా ముందు వైపు నుంచి ఊడి వచ్చే రకమైతే ఇది ఇంకా ముఖ్యం. నట్టు బండి మీద ఉండగానే వదులు చేసుకోవాలి. ఆ ముద్దను బల్ల మీదికి చేర్చాక దాన్ని కదలకుండా పట్టుకుని నట్టు విప్పడం ఇద్దరికి కూడా కష్టం.

నట్టు విప్పడం

ముందు నట్టును తుడిచి చూడండి. కొన్ని యాక్సిళ్లలో, ముఖ్యంగా టయోటాల్లో, నట్టు అంచును పినియన్ షాఫ్ట్ మీది గాడిలోకి నొక్కి లాక్ చేసి ఉంటారు. ఆ నొక్కును సన్నని ఉలితో పైకి లేపాకే సాకెట్ పెట్టండి. లేపకుండా తిప్పితే షాఫ్ట్ మరలు చెడతాయి. పాత పినియన్ ఎలాగూ పోయేదే కదా అనుకోవద్దు. ఆ మరల మీదే ఇంకా పని ఉంది.

నట్టుకు ఎదురుగా కూర్చుంటే, విప్పేటప్పుడు పట్టే బార్ మీ ఎడమ చేతి వైపు ఉండాలి. అప్పుడు అది కిందికి తిరిగి నేలకు ఆనుకుంటుంది. బిగించేటప్పుడు కుడి వైపు. బార్‌ను బ్రేక్ పైపుకు గానీ సన్నని బ్రాకెట్‌కు గానీ ఆననివ్వకండి. ఈ నట్లు 200 అడుగు-పౌండ్లు దాటి బిగించి ఉండటం మామూలు. అంత బలం పడితే సన్నని భాగాలు వంగిపోతాయి. క్రౌన్ పళ్ల మధ్య చెక్కముక్క ఇరికించి లాక్ చేసే అలవాటు కూడా మానుకోండి. చెక్క పిప్పి అయి బేరింగుల్లోకి వెళ్తుంది.

విప్పడానికి ఇంపాక్ట్ గన్ వాడొచ్చు, తప్పు లేదు. బిగించడానికి మాత్రం కూడదు.

ఇక్కడ ఒక మాట. నట్టుకూ షాఫ్ట్‌కూ గీత పెట్టి, బయటికి కనిపించే మరలు లెక్కపెట్టుకుని, తిరిగి అక్కడికే బిగించమని చెబుతుంటారు. అది ఆయిల్ సీల్ ఒక్కటే మార్చేటప్పటి పద్ధతి. పినియన్, బేరింగులు మారుతున్నప్పుడు పాత గీతకు అర్థమే లేదు. దాన్ని నమ్ముకుని బిగిస్తే బేరింగు ప్రీలోడ్ (బేరింగుల మీద ముందే పెట్టే బిగువు) ఎంతో ఎవరికీ తెలియదు.

ఫ్లాంజ్ లాగడం

పని చెడేది ఇక్కడే. ఫ్లాంజ్ లోపల స్ప్లైన్స్ (పొడవునా ఉండే సన్నని పళ్లు) ఉంటాయి, పినియన్ మీది స్ప్లైన్స్‌కు అవి బిగుతుగా కూర్చుంటాయి. ఏళ్ల తరబడి తుప్పు, పాత సీలెంట్ కలిసి వాటిని పట్టేస్తాయి. వెనక నుంచి అంచు మీద సుత్తితో కొడితే ఊడి వస్తుంది, నిజమే. కానీ ఒక్కో దెబ్బకు అంచు కాస్త వంగుతుంది. కంటికి కనిపించనంత వంపైనా ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగేటప్పుడు ఊగుతుంది. పైగా టైరు సైజు మార్చకుండా 3.73 నుంచి 4.88కి వెళ్తే, అదే వేగంలో ప్రొపెల్లర్ షాఫ్ట్ సుమారు 30 శాతం ఎక్కువ తిరుగుతుంది. ముందు తెలియని ఊపు ఇప్పుడు సీటు కింద తెలుస్తుంది. అప్పుడు గేర్లు సరిగ్గా సెట్ కాలేదని మళ్లీ అన్నీ విప్పుతారు. ఫ్లాంజ్‌ను అనుమానించేవాళ్లు తక్కువ.

నట్టును పూర్తిగా తీసేయకండి. దాని ముఖం పినియన్ షాఫ్ట్ కొసతో సమానంగా వచ్చేదాకా తిప్పి ఆపండి. నట్టుకూ ఫ్లాంజ్‌కూ మధ్య కొంచెం సందు కనిపించాలి. ఇప్పుడు పుల్లర్‌ను ఫ్లాంజ్ బోల్టు రంధ్రాలకే బిగించండి. కొక్కేల పుల్లర్ కన్నా ఇదే మేలు, ఎందుకంటే బలం అన్ని వైపులా సమానంగా పడుతుంది. బోల్టు రంధ్రాలు లేని, చెవుల్లాంటి కొమ్ములున్న యోక్ అయితే కొక్కేలు వాడక తప్పదు. అప్పుడు కొక్కేలను ఆ చెవులకు తగిలించకండి. చెవులు విచ్చుకుంటే యూనివర్సల్ జాయింట్ కప్పులు తిన్నగా కూర్చోవు. వెనక, మధ్య భాగం దగ్గరి మందపాటి చోట పట్టించండి.

షాఫ్ట్ కొస మధ్యలో చిన్న గుంట ఉంటుంది. పుల్లర్ మర మొన సరిగ్గా ఆ గుంటలో కూర్చోవాలి. బిగిస్తూ ప్రతి పావు చుట్టుకూ ఒకసారి పక్కనుంచి చూడండి. పుల్లర్ ఒక పక్కకు ఒరిగితే వదులు చేసి మళ్లీ మొదలుపెట్టండి. ఒరిగినా లాగేస్తే స్ప్లైన్స్ గీసుకుపోతాయి.

బలం బాగా పడి కదలిక ఆగిందంటే ఇంకా బిగించకండి. స్ప్లైన్స్ కొస దగ్గర తుప్పు వదిలించే ఆయిల్ చల్లి, ఆ బిగువు మీదే పది నిమిషాలు వదిలేయండి. చాలాసార్లు మీరు చేతులు తుడుచుకుంటుండగానే టక్‌మని ఊడుతుంది. ముందున్న నట్టు దాన్ని ఆపుతుంది కాబట్టి కాళ్ల మీద పడదు. అప్పటికీ రాకపోతే, పాత బేరింగులు పారేసేవే అయితేనే, పుల్లర్ మర తల మీద ఒక్క దెబ్బ వేయండి. ఫ్లాంజ్ మీద కాదు.

గ్యాస్ మంటతో వేడి చేయడం అసలు వద్దు. చుట్టూ ఆయిల్, బ్రేక్ క్లీనర్ ఆవిరి ఉన్న చోట నిప్పు పెట్టే పని ఎవరు చెప్పినా చేయకండి.

ఊడాక

ఫ్లాంజ్‌లో సీలు ఆనే నున్నటి భాగం మీద గోరు నడపండి. గాడిలో గోరు తగిలితే దాని మీద సన్నని స్లీవ్ ఎక్కించాలి, లేదా ఫ్లాంజే మార్చాలి. నునుపు చేయాల్సి వస్తే సన్న ఎమెరీ కాగితంతో చుట్టూ తిప్పి రుద్దండి. పొడవునా రుద్దితే ఆ గీతల వెంటే ఆయిల్ బయటికి వస్తుంది.

తర్వాత బేరింగ్ క్యాప్‌లకు కుడి, ఎడమ గుర్తులు పెట్టుకుని క్యారియర్ దించండి. పాత నట్టును మళ్లీ షాఫ్ట్ కొస దాకా ఎక్కించి, ఇత్తడి రాడ్డు ఆనించి తట్టండి. వదులైందనిపించగానే నట్టు తీసేసి, ఒక చెయ్యి హౌసింగ్ లోపల పెట్టి పినియన్‌ను అందుకుంటూ బయటికి నెట్టండి. దానికున్న షిమ్ములు (సందు సరిపెట్టే పల్చటి రింగులు) పారేయకండి. వాటి మందం కొలిచి రాసుకుంటే కొత్త పినియన్‌కు అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

తిరిగి ఎక్కించేటప్పుడూ సుత్తి వద్దు, నట్టుతోనే లోపలికి లాక్కోవాలి. కొలతలు చూసుకునేన్ని సార్లూ పాత నట్టే వాడి, కొత్త నట్టును చివరి బిగింపుకు దాచుకోండి. చివరిసారి సీలు పెదవికి గ్రీజు, స్ప్లైన్స్‌కు పల్చగా సీలెంట్ రాయండి. లేకపోతే స్ప్లైన్స్ సందుల్లోంచి ఆయిల్ నట్టు దగ్గరికి పాకుతుంది. క్రష్ స్లీవ్ (బిగించేకొద్దీ నలిగి ప్రీలోడ్ సెట్ చేసే గొట్టం) ఉన్న యాక్సిల్ అయితే చేత్తో కొంచెం కొంచెంగా బిగిస్తూ, ప్రతిసారీ ఇంచ్-పౌండ్ రెంచితో పినియన్ తిప్పి ప్రీలోడ్ చూడండి. హద్దు దాటితే నట్టు వెనక్కి తిప్పి సరిపెట్టడం కుదరదు, కొత్త స్లీవ్ వేయాల్సిందే. డానా 60 లాంటి షిమ్ములతో సెట్ చేసే యాక్సిళ్లకు ఈ టెన్షన్ లేదు. మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు బిగించి, ప్రీలోడ్ తేడాగా ఉంటే షిమ్ము మార్చుకుంటే సరిపోతుంది.