కాలికి సరిపడే బూట్లను ఎంచుకునే పద్ధతి

బూట్ల దుకాణంలో కూర్చోగానే నెంబరు ఎంత అని అడుగుతారు, మనమూ తడుముకోకుండా ఎనిమిదనో తొమ్మిదనో చెప్పేస్తాం. ఆ నెంబరు చాలామందికి కాలేజీ రోజుల నుంచి అలవాటుగా వస్తున్నదే తప్ప ఈమధ్య కొలిపించుకున్నది కాదు. వయసుతోనూ, బరువుతోనూ, స్త్రీలలో కాన్పు తర్వాతా పాదం సాగే అవకాశం ఉంది కాబట్టి, పదేళ్ల కిందటి నెంబరును నమ్ముకుని కొనడం పదేళ్ల కిందటి చొక్కా కొలత ఇచ్చి బట్టలు కుట్టించుకోవడం లాంటిదే.

ముందుగా ఆ నెంబరుకు అర్థం తెలుసుకోవాలి. మన దేశంలో ఎక్కువగా వాడే బ్రిటిష్ కొలతలో ఒక నెంబరుకూ తర్వాతి నెంబరుకూ మధ్య పొడవులో తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. 41, 42 అని కనిపించే ఐరోపా కొలతలో ఈ తేడా 6.67 మిల్లీమీటర్లు. అమెరికా నెంబరు మగవారి బూట్లలో బ్రిటిష్ నెంబరు కంటే సుమారు ఒకటి, ఆడవారి బూట్లలో సుమారు రెండు ఎక్కువగా ఉంటుంది. అక్కడున్న పిల్లల చేత బూట్లు తెప్పించుకునే తల్లిదండ్రులు తరచుగా పొరబడేది ఈ లెక్క దగ్గరే. పైగా ఇవన్నీ ప్రధానంగా పొడవుకు సంబంధించిన అంకెలు. ఒక నెంబరు పెరిగితే పొడవు ఎనిమిది మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది కానీ ముందుభాగంలో వెడల్పు పెరిగేది రెండు మిల్లీమీటర్ల వరకే. అందువల్ల వేళ్ల దగ్గర బిగుతుగా ఉందని పై నెంబరు తీసుకున్నవారికి బిగుతు పూర్తిగా తగ్గదు, మడమ మాత్రం వదులైపోతుంది. నేను ఒకసారి అలాగే కొన్న బూట్లలో పాదం ముందుకు జారి జారి, నెల తిరగకముందే బొటనవేలి గోరు నల్లబడింది.

ఈ వెడల్పు సమస్య మనకు ఎక్కువగా ఎదురుకావడానికి కారణం ఉంది. చెన్నైలోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలోని 79 ప్రాంతాల్లో లక్షమందికి పైగా ప్రజల పాదాలను త్రీడీ యంత్రాలతో కొలిచింది. మనవారి పాదాలు మొత్తంమీద ఐరోపా, అమెరికా వారి పాదాల కంటే వెడల్పుగా ఉన్నాయని తేల్చి, ‘భా’ అనే కొత్త కొలతల పద్ధతిని ప్రతిపాదించింది. ఇంట్లో వట్టికాళ్లతో, బయట చెప్పులతో గడిపేవారి వేళ్లు విచ్చుకుని ఉండటం మనం రోజూ చూసేదే.

ఇంట్లో కొలుచుకోవడం సులువే. పాదాలు పగలంతా తిరిగి కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి సాయంత్రం పూట కొలవాలి. తెల్లకాగితాన్ని గోడ మొదట్లో పరచి, మడమను గోడకు ఆనించి, రెండు కాళ్లమీదా సమానంగా బరువు వేసి నిలబడాలి. గీత గీసే పని ఇంట్లో మరొకరికి అప్పగించడం మంచిది, ఎందుకంటే మనమే వంగితే బరువు ముందుకు పడి పాదం కదులుతుంది. గోడ నుంచి అన్నిటికంటే ముందుకున్న వేలి కొస వరకు పొడవును కొలవాలి. కొందరికి బొటనవేలి కంటే పక్కవేలే పొడవుగా ఉంటుందని మరచిపోకూడదు. బొటనవేలు పాదంతో కలిసేచోట ఉన్న కీలు నుంచి చిటికెనవేలు పాదంతో కలిసేచోట ఉన్న కీలు వరకు అడ్డంగా కొలిస్తే వెడల్పు వస్తుంది. రెండు పాదాలూ అచ్చంగా సమానంగా ఉండటం అరుదు కనుక పెద్దదాని కొలతనే లెక్కలోకి తీసుకోవాలి.

మూడో కొలత ఒకటుంది, దాన్ని పట్టించుకునే దుకాణాలు తక్కువ. అమెరికాలో 1920లలో చార్లెస్ బ్రానక్ తయారుచేసిన లోహపు కొలత పరికరం పొడవు, వెడల్పులతో పాటు మడమ నుంచి బొటనవేలి కీలు వరకు ఉన్న దూరాన్ని కూడా చూపుతుంది. ఒకే పొడవున్న రెండు పాదాల్లో ఒకదానికి వేళ్లు పొట్టిగా, మరొకదానికి పొడవుగా ఉండవచ్చు. బూటు వంగే చోటు మన కీలు దగ్గరకు రాకపోతే, నెంబరు ఎంత సరిగ్గా ఉన్నా నడిచినప్పుడల్లా అది పాదంతో పోట్లాడుతూనే ఉంటుంది.

దుకాణంలో అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష లోపలి అట్టను బయటకు తీసి, నేలమీద పెట్టి, దానిపై నిలబడటం. పాదం అంచులు అట్ట దాటి బయటకు వస్తే ఆ బూటు మనది కాదు. పొడవైన వేలికి ముందు ఒక సెంటీమీటరు, మహా అయితే కొంచెం ఎక్కువ ఖాళీ ఉండాలి. ఆ తర్వాత రోజూ వేసుకునే మేజోళ్లతోనే రెండు బూట్లూ తొడిగి, లేసులు కట్టి, దుకాణంలో తివాచీ లేని చోట నాలుగైదు నిమిషాలు నడవాలి; మెట్లుంటే ఎక్కి దిగాలి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు తగలకూడదు, ఎక్కేటప్పుడు మడమ లేచిపోకూడదు. మడమ కొద్దిగా జారుతుంటే పై చివరి రంధ్రాల్లో లేసును చిన్న ఉచ్చులా వేసి, అవతలి కొసను అందులోంచి లాగి బిగిస్తే చాలావరకు కుదురుకుంటుంది.

“వాడగా వాడగా సాగుతుంది సార్” అనే మాటను సగమే నమ్మండి. అసలు తోలు వెడల్పులో కాస్త సాగుతుంది, పొడవులో సాగదు; రెగ్జిన్ వంటివి ఎటూ పెద్దగా సాగవు. వెడల్పు పాదాలవారు పై నెంబరు అడగకుండా, అదే నెంబరులో వెడల్పు ఎక్కువుండే ‘వైడ్’ లేదా ‘టూ-ఈ’ రకం ఉందా అని అడగడం మేలు.

పిల్లల బూట్లకు జూన్‌లో బడులు తెరిచేటప్పుడు రెండేళ్లకు సరిపోవాలని రెండు నెంబర్లు పెంచి కొనే అలవాటు మానుకోవాలి. దుకాణదారు బూటు కొనను నొక్కి చూసేటప్పుడు పిల్లలు వేళ్లు ముడుచుకుంటారు కాబట్టి, వారికి కూడా అట్ట పరీక్షే సరైనది. మూడు నెలలకోసారి మళ్లీ చూడాలి. మధుమేహం వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవారు తమకు హాయిగా ఉందన్న భావన మీద ఆధారపడకూడదు. వారు కొలతలతోనే కొనాలి, తొడిగే ముందు లోపల చేత్తో తడిమి చూడాలి, కొత్తవాటిని మొదట్లో రోజుకు గంట రెండు గంటలే వాడి, విప్పాక పాదాల మీద ఎరుపు, పొక్కులు ఉన్నాయేమో పరిశీలించాలి. వైద్యులు సూచించే మెత్తని ఎంసీఆర్ (సూక్ష్మ రంధ్రాల రబ్బరు) చెప్పులు ఇలాంటివారి కోసమే.

ఎక్కడ కొన్నా బిల్లును దాచి, మొదటి రెండు మూడు రోజులు ఇంట్లో శుభ్రమైన నేలమీదే వేసుకుని తిరగండి. అడుగుభాగం మాయనంతవరకు చాలా దుకాణాలు మార్చి ఇస్తాయి.