రిటైరైన పెద్దవాళ్లతో మొదటి మీటింగ్: ఆర్థిక సలహాదారు ఎలా నడపాలి?

పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్న సలహాదారులు చాలామంది పెద్దవాళ్ల ముందు ల్యాప్‌టాప్ తెరిచి రంగురంగుల గ్రాఫులు తిప్పుతుంటారు. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రిటైర్మెంట్ డబ్బంటే జీవితకాలం చాకిరీ. పోతే మళ్లీ సంపాదించుకునే వయసు కాదు. అందుకే నా దగ్గర ట్రైనింగ్‌కి వచ్చేవాళ్లకు ముందుగా ఈ మీటింగే నేర్పుతాను.

1. ఉదయం పదింటికి, వాళ్ల ఇంట్లోనే కలవాలి. తెల్లకాగితాలు, లావుగా రాసే నల్లపెన్ను, కాలిక్యులేటర్ చాలు. బ్రోషర్లు బ్యాగులోంచి తీయకూడదు.

2. పాస్‌బుక్కులు, ఎఫ్‌డీ రసీదులు, పాలసీ బాండ్లు బయట పెట్టించండి. అన్నింట్లో నామినీ పేరు చూడండి. ఎప్పుడో చనిపోయిన తల్లి పేరు ఇంకా అలాగే ఉంటుంది. నెల ఖర్చు, మందుల ఖర్చు రాసుకోండి.

3. అర్థమైందో లేదో తేల్చుకోవడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

"అర్థమైందా అండీ?" అని అడగొద్దు. ఏ పెద్దాయనైనా "ఆ, అర్థమైంది బాబూ" అనే అంటారు. తెలియదని చెప్పుకోవడం నామోషీ కదా. పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే పొదుపు పథకం, సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ సంగతే తీసుకోండి. గరిష్ఠ పరిమితి 30 లక్షలు. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. వివరంగా చెప్పాక, "దీని గురించి మీ తమ్ముడు అడిగితే ఏమని చెప్తారండీ?" అనండి. "నెలనెలా అరవై ఒక్క వేలు పడతాయని చెప్తా" అన్నారనుకోండి, ఆయన మనసులో ఇంటి బడ్జెట్ అప్పుడే మూడు రెట్లు అయిపోయింది. వెంటనే కాగితం మీద 61,500ని మూడుతో భాగించి, 20,500 అని పెద్ద అంకెల్లో రాసి చూపించండి. అయిదేళ్లలోపు మూసేస్తే కోత పడుతుందన్నది కూడా ఆయన నోటితోనే రావాలి. రాకపోతే విసుక్కోకుండా మొదటి నుంచి చెప్పండి.

ఈలోగా పక్కనున్న కొడుకు "నాన్నకి ఇవేం తెలీవండీ, నాకు చెప్పండి" అంటాడు. అతనితో వాదించొద్దు, కానీ మీ చూపు మాత్రం పెద్దాయన మీదే ఉండాలి. డబ్బు ఆయనది, సంతకం ఆయనది. కాసేపైనా ఆయనతో విడిగా మాట్లాడండి. కొడుకు ఫ్లాటుకో వ్యాపారానికో ఇవ్వలేక, కాదనలేక నలిగిపోయే తండ్రులు ఆ కాసేపట్లోనే నోరు విప్పుతారు. అమ్మగారిని కూడా వంటింట్లోంచి పిలిచి కూర్చోబెట్టాలి. రేపు ఆయన లేకపోతే ఈ కాగితాలన్నీ చూసుకోవాల్సింది ఆవిడే.

కొందరు ఈ పనంతా ఫోన్లోనే కానిచ్చేస్తారు. టైమ్ కలిసొస్తుందంటారు. ఫోన్లో "ఊఁ" వినిపిస్తుందే గానీ, కాగితం వైపు అయోమయంగా చూసే మొహం కనిపించదు. నేనైతే ఒప్పుకోను.

4. ఆరోజే సంతకం పెట్టించుకోవద్దు. లెక్కల కాగితం వాళ్ల దగ్గరే వదిలి, రెండు రోజులు ఆగి ఫోన్ చేయండి. జీవిత బీమా పాలసీ అయితే, బాండు చేతికొచ్చాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చని అదే కాగితం కింద రాయండి. మీ కమీషన్ ఎంతో కూడా అక్కడే రాయాలి.