హనుమకొండలో బ్లూస్ బ్యాండ్ కట్టాలంటే ఎవరిని పట్టుకోవాలి, ఎవరికి ఏం మాన్పించాలి

నాది ఫ్రిజ్, ఏసీ రిపేర్ షాపు. వారమంతా గ్యాస్ నింపుతాను, ఆదివారం సాయంత్రం బాస్ గిటార్ వాయిస్తాను. ఆరేళ్లుగా మాదొక ఆరుగురి బ్యాండ్, వాయించేది బ్లూస్, అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాట. మొదట్లో నేను చేసిన తప్పు బ్లూస్ వచ్చినవాళ్ల కోసం వెతకడం. ఎనిమిది నెలలు తిరిగితే ఇద్దరు కాలేజీ పిల్లలు దొరికారు. ఇద్దరికీ వేగంగా వాయించడం వచ్చు, ఆగడం రాదు. చదువు అయిపోగానే బెంగళూరు బస్సెక్కారు.

అసలు ఆ సంగీతం పుట్టినచోట కూడా ఎవరూ బ్లూస్ కోర్సు చేసి రాలేదు. బ్లూస్ పాటగాడు మడ్డీ వాటర్స్ అమెరికాలోని మిసిసిపీ పత్తి చేలల్లో ట్రాక్టర్ నడిపి, 1943లో చికాగో రైలెక్కాడు. ఆయన పాటలకు బాస్ వాయించిన విల్లీ డిక్సన్ అంతకుముందు బాక్సర్, 1937లో ఇల్లినాయ్ గోల్డెన్ గ్లవ్స్ హెవీవెయిట్ పోటీ గెలిచినవాడు. ఇంకో బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్‌దీ ట్రాక్టరే, పాట మాత్రం చర్చిలో నేర్చాడు. పత్తి, అప్పు, వలస అంటే ఏమిటో ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో నేను వివరించక్కర్లేదు. కాబట్టి మనిషిని "నీకు బ్లూస్ వచ్చా" అని అడగకండి. "ఇంతకుముందు ఎక్కడ వాయించినవ్" అని అడగండి.

ముందు తాళం మనిషిని పట్టుకోండి, గిటార్ తర్వాత. బ్లూస్‌లో ఎక్కువగా వినిపించే నడకను షఫుల్ అంటారు. దాన్ని నోటితో పట్టేయొచ్చు. తొడ మీద చేత్తో దెబ్బ వేస్తూ, ఒక్కో దెబ్బకు "తకిట" అనండి: తకిట తకిట తకిట తకిట. ఇప్పుడు మధ్యలో "కి"ని మింగేయండి. త-ట, త-ట, త-ట, త-ట. ఇక మిగిలింది రెండో దెబ్బ, నాలుగో దెబ్బ గట్టిగా కొట్టడమే. మా డ్రమ్స్ తమ్ముడు పెళ్లి ఆర్కెస్ట్రాలో సినిమా పాటలకు వాయించి వచ్చినవాడు. వాడికి ఇది నెల పట్టింది, "కి" వద్దంటే చెయ్యి దానంతటదే కొట్టేసేది. పరకాల వైపు నుంచి వచ్చే డప్పు మామకు మాత్రం ఒక్క పూట. "ఇది మన తీన్మార్ లెక్కనే ఉందిగా" అన్నాడు. అక్కడే చిక్కు కూడా. తీన్మార్ ముందుకు తోస్తుంది, కాళ్లు ఆగనివ్వదు. బ్లూస్ కాస్త వెనక్కి వాలి కూర్చోవాలి. మామకు సిర్ర (లావు పుల్ల) పక్కన పెట్టించి, రెండు వారాలు సన్నటి చిటికెన పుల్లతోనే వాయించమన్నాను. ఊపు అదే ఉంది, తొందర తగ్గింది.

హార్మోనియం బాపు భజన మండలి నుంచి వచ్చాడు, అరవై దాటాయి. బ్లూస్ పాట పన్నెండు గడుల్లో (బార్లు) ఒక చుట్టు తిరుగుతుంది. ఆయనకు ఆ లెక్క ఎక్కించడానికి నేను పడని పాట్లు లేవు. చివరికి ఆయనే దారి కనిపెట్టాడు. ఒక్కో గడికి నాలుగు దెబ్బలు, ఒక్కో గడి ఒక నెల. చైత్రం నుంచి ఆషాఢం దాకా నాలుగు నెలలు షడ్జం. శ్రావణ భాద్రపదాలు మధ్యమం. ఆశ్వయుజం, కార్తీకం మళ్లీ షడ్జం, ఆడబిడ్డ బతుకమ్మకు పుట్టింటికి వచ్చినట్టు. మార్గశిరం పంచమం, పుష్యం మధ్యమం, మాఘం షడ్జం, ఫాల్గుణం పంచమం. ఉగాది వస్తే మళ్లీ మొదటికి. గిటార్ వాళ్ల భాషలో స, మ, ప అంటే A, D, E. ఎవరైనా దారి తప్పితే ఇప్పుడు స్టేజీ మీద బాపు "కార్తీకం!" అని అరుస్తాడు, జనం ఏదో భక్తి అనుకుంటారు.

స్వరాల సంగతికొస్తే, శుద్ధ ధన్యాసి రాగం వచ్చినవాళ్లకు సగం పని అయిపోయినట్టే. స గ మ ప ని, గాంధారం సాధారణం, నిషాదం కైశికి. దానికి ప్రతిమధ్యమం అప్పుడప్పుడు తగిలించండి, పులుసులో ఇంగువలా. అసలు కిటుకు గాంధారంలో ఉంది. అది సాధారణానికీ (చిన్న గ) అంతరానికీ (పెద్ద గ) మధ్య ఊగాలి, ఎటూ కుదురుగా నిలవకూడదు. గిటార్ తీగను వేలితో తోస్తే అది వస్తుంది. హార్మోనియంలో రాదు. అందుకే బాపు సాధారణం మీద వేలు పెట్టీ పెట్టకముందే అంతరం నొక్కుతాడు. మొదట తప్పు నొక్కినట్టు సిగ్గుపడేవాడు, ఇప్పుడు అదే ఆయన స్టైలు.

హార్మోనియం ఉంటే గిటార్లన్నీ దానికే శ్రుతి చేసుకోండి, దాన్ని అప్పటికప్పుడు మార్చలేం. మేం A స్కేల్‌లో, అంటే ఆరు శ్రుతిలో వాయిస్తాం. మా పాటమ్మాయికి అది హాయి. మౌతార్గాన్ కూడా కావాలనుకుంటే, పాట A లో ఉన్నప్పుడు D స్కేల్‌ది కొనండి. పది రంధ్రాలు ఒకే వరసలో ఉండాలి. బజారులో ఎక్కువగా దొరికే రెండు వరసలది చక్కగా వణుకుతుంది కానీ స్వరం వంగదు.

గిటార్ అబ్బాయిది, పాటమ్మాయిది కాజీపేట, ఇద్దరూ చర్చి క్వయర్. అబ్బాయికి కార్డులు (కలిపి మోగించే స్వరాలు) శుభ్రంగా వచ్చు. కావాల్సింది స్లైడ్, అంటే తీగల మీద ఏదైనా జారుస్తూ వాయించడం. డబ్ల్యూసీ హాండీ అనే బ్యాండ్ మాస్టరు 1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌విలర్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చుంటే, పక్కన ఒకతను తీగల మీద కత్తి జారుస్తూ పాడాడట. ఆయనే రాసుకున్నాడు. కత్తి వద్దు. మా షాపులో ముప్పావు ఇంచు రాగి పైపు రెండున్నర ఇంచులు కోసి, అంచులు ఎమరీ కాగితంతో రుద్ది ఇచ్చాను. చిటికెన వేలికి తొడుక్కుని, ఫ్రెట్ కమ్మికి సరిగ్గా పైన ఆనించాలి. నొక్కకూడదు. నొక్కితే గరగరమంటుంది.

అమ్మాయికి మాన్పించాల్సింది ఒక్కటే, అందరితో కలిసి ఎత్తుకోవడం. క్వయర్‌లో అది క్రమశిక్షణ, ఇక్కడ కాస్త ఆలస్యంగా రావాలి. పాట కట్టు తేలిక. ఒక మాట రెండుసార్లు, మూడోది దానికి జవాబు. మాది ఇలా మొదలవుతుంది:

కాజీపేట టేసన్ల కూసున్న, నా రైలింక రాలే
కాజీపేట టేసన్ల కూసున్న, నా రైలింక రాలే
చాయ్ సల్లారిపోయె పిలగా, నీ ఫోనింక రాలే

ఒక్కో వరసకు నాలుగు గడులు. పాట రెండు గడుల్లో అయిపోవాలి, మిగతా రెండూ గిటార్ బదులివ్వాలి. "ఉయ్యాలో" అని వెనకవాళ్లు అందుకోవడం తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, అయినా గిటార్ వాళ్లకు చెప్పండి. వాళ్లకు ఆమె పాడుతున్నప్పుడే వాయించాలనిపిస్తుంది.

మా మొదటి ప్రోగ్రాం ఒక ఫంక్షన్ హాల్లో రిసెప్షన్. డప్పు కాచడానికి మామ వెనక గడ్డి మంట వేస్తే వాచ్‌మన్ నీళ్లు పోసి ఆర్పేశాడు. లోపల ఏసీ, బయట వాన. రెండో పాటకే తోలు మెత్తబడి అట్టపెట్టె కొట్టినట్టయింది. నాకు చెమటలు. ఏసీ వాడినై ఉండి ఆ సంగతి ముందు తట్టలేదు చూడండి. ఇప్పుడు ఫైబర్ డప్పు ఒకటి వెంట ఉంటుంది. మామకు దాని మోత నచ్చదు, నాకూ నచ్చదు. మంట వేసుకోనిచ్చే చోట తోలుదే తీస్తాం.

డబ్బులు ఆరు సమాన వాటాలు. ముందు డ్రమ్స్ మోసిన ఆటో కిరాయి, మామ బస్సు చార్జీ తీసి, ఆ తర్వాత పంచండి. మొదటి ఏడాది మేం ఇది రాసిపెట్టుకోలేదు, రెండు నెలలు మామ రాలేదు.