రాత్రంతా ప్లగ్గు పెట్టినా ఇంజను చల్లగానే ఉందా? బ్లాక్ హీటర్ మార్చేముందు చూడాల్సినవి

బ్లాక్ హీటర్ అంటే ప్లగ్గు పెడితే ఇంజనులో తిరిగే కూలెంట్‌ను (ఇంజనును చల్లబరిచే ద్రవాన్ని) వేడిచేసే కరెంటు హీటర్. కెనడాలోని ఎడ్మంటన్‌లో మైనస్ 30 పడిన మర్నాడు ఉదయం నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకేలా ఉంటాయి. "అన్నా, రాత్రంతా ప్లగ్గు పెట్టే ఉంచాను. సెల్ఫ్ కొడితే ఇంజను మూలుగుతోంది తప్ప అంటుకోవట్లేదు. బ్లాక్ హీటర్ పోయినట్టుంది, కొత్తది ఎంతవుతుంది?" ధర చెప్పేముందు నేను ఒక్కటే అడుగుతాను: ఆ సాకెట్టులో కరెంటు ఉందో లేదో చూశారా? "ఎందుకుండదు?" అంటారు. చాలాసార్లు ఉండదు. దయచేసి ముందు అది చూడండి.

టేబుల్ ల్యాంపు ఒకటి తెచ్చి ఎక్స్‌టెన్షన్ వైరు చివర, అంటే ట్రక్కు ప్లగ్గు దూర్చే చోటే పెట్టి చూడండి. గోడ దగ్గర చూస్తే సరిపోదు, వైరు మధ్యలో తెగి ఉండొచ్చు. లైటు వెలగకపోతే గోడమీది జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే రక్షణ స్విచ్చు) రీసెట్ బటన్ నొక్కండి, బ్రేకరు చూడండి. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఇంకొంచెం ఓపిక పట్టాలి. కెనడా ప్రెయిరీ ఊళ్లలో కొన్ని పార్కింగ్ లాట్లలో ఖర్చు తగ్గించడానికి కరెంటు కాసేపు ఇస్తారు, కాసేపు ఆపుతారు. కొన్నిచోట్ల చలి బాగా ముదిరితేనే ఇస్తారు. ల్యాంపు పెట్టి గంటసేపు గమనించండి, బిల్డింగ్ మేనేజర్‌ని అడగండి.

కరెంటు ఉందని తేలాక చెవికి పని చెప్పాలి. చుట్టూ సద్దు లేనప్పుడు ట్రక్కు ప్లగ్గు పెట్టి, గ్రిల్ దగ్గర వంగి వినండి. టీకి పెట్టిన నీళ్లు మరగబోయే ముందు గిన్నె అడుగున సన్నగా చిరచిరలాడతాయి చూడండి, అలాంటి చప్పుడు కాసేపట్లో వినిపిస్తే హీటర్ పనిచేస్తున్నట్టే. వినిపించకపోతే ప్లగ్గు సాకెట్టు నుంచి తీసేసి మల్టీమీటర్ అందుకోండి.

ప్లగ్గుకున్న రెండు చదును పిన్నుల మధ్య ఓములు కొలవాలి. ఇక్కడి 120 వోల్టులకు 750 వాట్ల హీటర్ అయితే సుమారు 19, 1000 వాట్లదైతే 14, పెద్ద లారీల్లో ఉండే 1500 వాట్లదైతే 9.6 దగ్గర చూపిస్తుంది. ఆ దరిదాపుల్లో ఉంటే హీటర్‌కీ వైరుకీ ఏమీ కానట్టే. మీటరు ఓపెన్ అని, అంటే కరెంటు దారి ఎక్కడో తెగినట్టు చూపిస్తే మాత్రం హీటర్ కాలిపోయిందని అందరూ తేల్చేస్తారు. ఒకసారి నేనూ అలాగే తేల్చేసి దెబ్బతిన్నాను.

మీటరు ఓపెన్ చూపిస్తుంది, హీటర్ మాత్రం బాగానే ఉంటుంది

అదొక డీజిల్ పికప్. ఓనరు చెప్పిన లక్షణం వింతగా ఉంది: మైనస్ 28 రాత్రి ఇంజను వెచ్చగా ఉందట, రెండ్రోజుల తర్వాత మైనస్ 14కి చల్లబడిపోయిందట. ఆ మాట దగ్గరే నేను ఆగాల్సింది. ఆగకుండా బండిని షాపులోకి తోలించి, మంచు అంతా కరిగాక మర్నాడు కొలిచాను. ఓపెన్. కూలెంట్ దించి, చెయ్యి సరిగ్గా దూరని చోటున్న పాత హీటర్ ఊడదీసి కొత్తది బిగించేసరికి సగం రోజు పోయింది. ప్లగ్గు దగ్గర మళ్లీ మీటరు పెట్టాను. మళ్లీ ఓపెన్! బల్ల మీద పెట్టిన పాత హీటర్ నుంచి కూలెంట్ చుక్కలు ఇంకా కారుతూనే ఉన్నాయి. దాన్ని విడిగా కొలిస్తే 14 ఓములు. దానికి ఏ రోగమూ లేదు. ఓనరు దగ్గర డబ్బులు తీసుకోలేదు.

సంగతేమిటంటే, ఆ వైరులోనే ఒక థర్మోస్టాట్ ఉంటుంది. జీఎం కంపెనీ డ్యూరామాక్స్ డీజిల్ ట్రక్కుల్లో ఇది బాగా కనిపిస్తుంది. ప్లగ్గు ఉన్న చివర మామూలుకంటే లావుగా ఉంటే అనుమానించండి. చలి సుమారు మైనస్ 18 దాటితేనే అది కరెంటును హీటర్‌కి వదులుతుంది. అంతకంటే వెచ్చగా ఉంటే తెగిన వైరులాగే ఉంటుంది. వెచ్చటి షాపులో కొలిస్తే మీటరు ఓపెన్ అనక ఇంకేమంటుంది? బండి అప్పుడే తిరిగొచ్చినా ఇదే తంతు. ఇంజను వేడికి బానెట్ కింద దోపిన ప్లగ్గు కూడా వెచ్చబడి ఉంటుంది, అది చల్లారేదాకా హీటర్ మొదలవదు.

కాబట్టి ప్లగ్గు దగ్గర ఓపెన్ వస్తే కూలెంట్ జోలికి పోకండి. వైరును హీటర్ దగ్గర ఊడదీసి, హీటర్‌కున్న రెండు పిన్నుల మీదే కొలవండి. అక్కడ 14 వచ్చిందా, లోపం ఉంటే వైరులోనే ఉంది. ఆ వైరును మైనస్ 25 చలిలో గంటసేపు బయట పడేయండి. లోపలికి తేకుండా బయటే ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కో తీగా కొలవండి. రెండూ సున్నా దగ్గర ఉంటే వైరు కూడా మంచిదే. ఏదైనా ఓపెన్ వస్తే థర్మోస్టాట్ పోయింది, లేదా తీగ తెగింది. వైరు ఒక్కటే మార్చండి. మైనస్ 10కి కూడా వేడి కావాలనుకుంటే థర్మోస్టాట్ లేని వైరు తీసుకుని టైమరు పెట్టుకోండి.

హీటర్ దగ్గర కనెక్టరు పచ్చగా, నల్లగా మారితే

రోడ్ల మీద చల్లే ఉప్పు చేసే పని ఇది. పచ్చగా చిలుము పడితే శుభ్రం చేసి, డైఎలెక్ట్రిక్ గ్రీజు (కనెక్టర్లలోకి తడి చేరకుండా రాసేది) రాసి, చివరిదాకా నొక్కి పెట్టండి. నల్లగా కాలితే టేపు చుట్టకండి, కొత్త వైరు వేయండి. వైరు అతుకులోకి నీరు చేరి తుప్పు పడుతోందని 2018 డిసెంబరులో ఫోర్డ్ కంపెనీ ఎఫ్-150, సూపర్ డ్యూటీ ట్రక్కులను రీకాల్ చేసింది. సెకండ్‌హ్యాండ్ బండి అయితే వీఐఎన్ (బండి గుర్తింపు) నంబరుతో ఆ రిపేరు జరిగిందో లేదో చూసుకోండి.

ప్లగ్గు పెట్టగానే జీఎఫ్‌సీఐ ట్రిప్ అయితే

చదును పిన్నుకీ గుండ్రటి ఎర్త్ పిన్నుకీ మధ్య మీటరు ఓపెన్ అనే చూపించాలి. ఓములు ఎంతోకొంత చూపిస్తే ఎక్కడో కరెంటు లీకవుతోంది. కనెక్టరు ఊడదీసి మళ్లీ కొలవండి. లీకు పోతే తప్పు హీటర్‌ది, ఉంటే వైరుది. ట్రిప్ అవుతోందని ఎర్త్ పిన్ను విరిచేసిన బండ్లు నేను చూశాను. తడి మంచులో నిలబడి బంపర్ ముట్టుకునే మనిషి ప్రాణం ఆ పిన్ను మీద ఉంది. దాన్ని ముట్టుకోకండి.

కొత్త హీటర్ వేసిన వెంటనే కాలిపోయిందంటే దాని చుట్టూ కూలెంట్ లేదన్నమాట. గాలి పూర్తిగా పోయేదాకా ఇంజను నడిపి, కూలెంట్ నింపాకే ప్లగ్గు పెట్టండి. అమెరికా నుంచి కొని తెచ్చిన రామ్ కమిన్స్ డీజిల్ బండికి ప్లగ్గే కనిపించడం లేదంటే, చాలావరకు హీటర్ లోపల ఉంటుంది, వైరు మాత్రం వేసి ఉండరు. ఎక్స్‌టెన్షన్ వైరు చేతికి వెచ్చగా తగిలితే అది సన్నది, 14 గేజిది లేదా అంతకంటే లావుది, చలికి పగలని రకం తీసుకోండి. కూలెంట్‌లో బురద పేరుకోవడం, హీటర్ గింజ వదులు కావడం లాంటివి అరుదు, వాటి గురించి ముందే టెన్షన్ పడకండి.

ఇంజను వెచ్చగా ఉండి కూడా స్టార్ట్ కాకపోతే హీటర్‌ని వదిలేయండి. బ్యాటరీ, గ్లో ప్లగ్గులు లేదా ఇన్‌టేక్ హీటర్, గడ్డకట్టిన డీజిల్, ఈ వరసలో చూడండి. బ్లాక్ హీటర్ ఇంజను కూలెంట్‌నే వేడిచేస్తుంది, ట్యాంకులో డీజిల్‌ని కాదు. అక్టోబరులో నింపిన డీజిల్ జనవరిదాకా ట్యాంకులో ఉంటే ఎంత మంచి హీటర్ పెట్టినా అది చలికి గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోతుంది.