నర్సాపురంలో జంటగా ఓ సాయంత్రం

ఖర్చు పెద్దగా లేని షికారు కావాలంటే పంటు (మనుషుల్నీ బండ్లనీ గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి అవతలి ఒడ్డున ఉన్న సఖినేటిపల్లి వెళ్లి రండి. సూర్యుడు నర్సాపురం వైపు దిగుతాడు, కాబట్టి అందం తిరుగు ప్రయాణంలోనే. డిసెంబరులో 5:30కి, మేలో 6:30కి అటూఇటూగా పొద్దుగుంకుతుంది. అంతకు ముప్పావు గంట ముందే రేవులో ఉండాలి. బండి ఇవతలే పెట్టేయండి, ఎక్కించి దించడంతోనే సరిపోతుంది. చిల్లర ఉంచుకోండి. హీల్సు వద్దు, రేవు దగ్గర జారుతుంది.

చాలామంది తప్పేది ఒక్కచోటే: చివరి పంటు ఎప్పుడో అడగకుండా దాటేస్తారు. అది తప్పితే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. వరదల్లో పంటు ఆపేస్తారు. అప్పుడు గట్టు మీద కూర్చుని ఉల్లిపాయ, నిమ్మరసం దట్టించిన మిరపకాయ బజ్జీలే. వేడిగా వాయి దిగేదాకా ఆగండి, చల్లారినవి మెత్తబడిపోతాయి.