పట్టని సంఖ్యను కత్తిరించొద్దు

ఏడేళ్ల కిందట నేను పనిచేసిన చోట రోజూ రాత్రి ఒక రిపోర్టు తయారయ్యేది. సి భాషలో రాసిన పాత ప్రోగ్రాము. కూడగా వచ్చిన మొత్తాన్ని ఎనిమిది బైట్ల బఫర్‌లోకి (అక్షరాలు పట్టే మెమరీ గడిలోకి) ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్‌తో (విలువను అక్షరాలుగా రాసే సి ఫంక్షన్) రాసేవాళ్లం. చివరి బైటు, రాత అయిపోయిందని చెప్పే ముగింపు సున్నాకి పోను, ఏడు అంకెలు పడతాయి. చాలాకాలం సరిపోయింది. ఒకరోజు మొత్తం 10482937 అయింది, రిపోర్టులో 1048293 అని వచ్చింది. ప్రోగ్రాము ఆగలేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. పదో వంతుకి పడిపోయిన లెక్కను నలుగురు చూశారు, ఒక్కరికీ అనుమానం రాలేదు. మూడో వారంలో గానీ బయటపడలేదు.

ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్‌ని అందరూ ‘సేఫ్’ అంటారు. బఫర్ దాటి రాయదు, నిజమే. క్షేమంగా ఉన్నది మెమరీ, లెక్క కాదు.

ఇప్పుడు నేనే ఒక చిన్న స్క్రిప్టింగ్ భాష రాసుకుంటున్నాను. మీరూ అలాంటి పనిలో ఉంటే, మొదటి రోజే తేల్చుకోవాల్సిన సంగతులు కొన్ని చెబుతాను. తర్వాత మార్చబోతే అప్పటికే రాసిన ప్రోగ్రాములన్నీ విరుగుతాయి.

ముందు ఆర్గ్యుమెంట్లు, అంటే ఫంక్షన్‌కి పంపే విలువలు. ఫంక్షన్ 32 బిట్ల పూర్ణాంకం అడుగుతోంది, పిలిచేవాడి దగ్గర 64 బిట్లది ఉంది. 4294967301 పంపితే సి చడీచప్పుడు లేకుండా పై బిట్లు కోసేసి 5 అందిస్తుంది. మీ భాషలో ఈ కుదింపు దానంతటది జరగకూడదు. విలువ కంపైల్ చేసేటప్పుడే తెలిస్తే అక్కడే ఎర్రర్ ఇవ్వండి. నడిచేటప్పుడు తెలిస్తే ఫంక్షన్ లోపలికి వెళ్లకముందే ఆపండి. ఎన్నో ఆర్గ్యుమెంటు, వచ్చిన విలువ ఎంత, పట్టేది ఎంత అన్న మూడూ ఎర్రర్‌లో ఉండాలి. ఉత్త ‘ఓవర్‌ఫ్లో’ అని రాసి చేతులు దులుపుకుంటే అవతలివాడి సాయంత్రం పోయినట్టే.

హాష్‌లూ చెక్‌సమ్‌లూ (డేటాకి గుర్తుగా లెక్కగట్టే సంఖ్యలు) రాసేవాళ్లకు సంఖ్య గరిష్ఠం దాటాక చుట్టు తిరిగి మొదటికి రావడమే కావాలి. ధ్వని, రంగులతో పనిచేసేవాళ్లకు గరిష్ఠం దగ్గర ఆగిపోవడం కావాలి. వాళ్లకి వేరే పేర్లతో ఫంక్షన్లు ఇవ్వండి. రస్ట్ భాషలో చెక్డ్ (పట్టకపోతే చెప్పేది), ర్యాపింగ్ (చుట్టు తిరిగేది), శాచురేటింగ్ (గరిష్ఠం దగ్గర ఆగేది) అని విడివిడిగా ఉన్నాయి. ఆ పద్ధతి మొహమాటం లేకుండా ఎత్తుకోవచ్చు. రస్ట్‌లో నాకు మింగుడుపడనిది ఒకటుంది. విలువ పట్టనప్పుడు మామూలు కూడిక డీబగ్ బిల్డ్‌లో (మనం పరీక్షించుకునేది) ఆగుతుంది, రిలీజ్ బిల్డ్‌లో (వాడేవాళ్లకిచ్చేది) మనం సెట్టింగ్ మార్చకపోతే చుట్టు తిరుగుతుంది. వేగం కోసమని తెలుసు. కానీ నా డెస్కు మీద పట్టుబడే తప్పు వాడేవాళ్ల దగ్గర దాక్కుంటే నాకేం లాభం?

అయితే ఆపడం ఒక్కటే చాలదు. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్‌లో 64 బిట్ల దశాంశ విలువ 16 బిట్ల పూర్ణాంకంలో పట్టలేదు. ప్రోగ్రాము ఆ తప్పును గుర్తించింది కూడా. కాని దాన్ని పట్టుకునే కోడ్ ఆ చోట లేదు. దిశ చెప్పే రెండు కంప్యూటర్లూ ఆగిపోయాయి, లేచిన 40 సెకన్లలోపే రాకెట్ పేలిపోయింది. అందుకే ఆగిపోయే మార్పిడితోపాటు ‘పట్టలేదు’ అన్న జవాబును విలువగా తిరిగిచ్చే మార్పిడి కూడా ఉండాలి.

ఇక ఫార్మాటింగ్, అంటే విలువను అచ్చుకి తగ్గట్టు అక్షరాలుగా పేర్చడం. గడి చిన్నదై సంఖ్య పెద్దదైనప్పుడు ఒక్కో భాషది ఒక్కో దారి. కోబాల్‌లో మూడంకెల గడిలోకి 12345 మూవ్ చేస్తే 345 మిగులుతుంది. ఫోర్ట్రాన్ మూడు నక్షత్రాలు అచ్చేస్తుంది. సి, పైథాన్ ఇచ్చిన వెడల్పును కనీసంగా తీసుకుని గడిని పెంచుకుంటాయి. మామూలుగా గడి పెరగనివ్వండి. వరస చెదిరినా లెక్క చెదరదు. వెడల్పు దాటొద్దని ప్రోగ్రామరే కచ్చితంగా అడిగితే నక్షత్రాలు వేయండి. వికారంగా ఉంటాయి, ఉండాలి కూడా. ఆ రాత్రి మా రిపోర్టులో నక్షత్రాలు వచ్చి ఉంటే తెల్లారేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు.

బఫర్ చాలనప్పుడు, ముగింపు సున్నా కాక ఎన్ని బైట్లు కావాలో చెప్పడం సి భాష 1999 ప్రమాణం నుంచీ ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ పనే. మా ప్రోగ్రాములోనూ అది 8 అని తిరిగిచ్చింది. ఆ జవాబు తీసుకునేవాడు లేడు, అంతే. మీ భాషలో ఆ జవాబును చూడకుండా వదిలేస్తే కంపైలర్ ఒప్పుకోకూడదు.

మీరే సంఖ్యను అంకెలుగా మార్చే కోడ్ రాస్తుంటే ఇక్కడ ఒక గుంట ఉంది, నేనూ పడ్డాను. మైనస్ గుర్తు వేసి, సంఖ్యను ధనం చేసి, పదితో భాగిస్తూ పోవడం అందరూ చేసే పని. కాని 32 బిట్లలో అతి చిన్నది -2147483648, అతి పెద్దది 2147483647. ఆ చిన్నదానికి ధన రూపమే లేదు. సి లో గుర్తు మార్చబోతే ఏమైనా జరగొచ్చు. నాకు మైనస్ తర్వాత చెత్త అక్షరాలు వచ్చాయి. మందు తేలికే. ధన సంఖ్యనే రుణంగా మార్చండి, శేషాలు రుణంలో తీసుకుంటూ పోండి. రుణం వైపు ఎప్పుడూ ఒకటి ఎక్కువ పడుతుంది.

బఫర్ కొలతలు ఊహించొద్దు. 32 బిట్లకు 11 అక్షరాలు, 64 బిట్లకు 20, సి పద్ధతైతే ముగింపు సున్నాకు మరొకటి. దశాంశాలతోనే అసలు చిక్కు: 64 బిట్ల అతి పెద్ద విలువను ఆరు దశాంశ స్థానాలతో మామూలుగా రాస్తే 316 అక్షరాలు, మైనస్ ఉంటే 317.

సంఖ్యలా కాదు, వాక్యాన్ని కోయొచ్చు. ఎక్కడ కోస్తున్నారన్నదే చూసుకోవాలి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌కి ఆరు కోడ్ పాయింట్లు (ఒక్కో గుర్తుకిచ్చిన సంఖ్యలు), వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో 18 బైట్లు. పది బైట్ల దగ్గర కోస్తే ‘స్త’ మిగిలి, వెనక ఒక బైటు ముక్క వేలాడుతుంది. కోడ్ పాయింట్ హద్దు చూసుకుని తొమ్మిది దగ్గర కోసినా వచ్చేది ఆ ‘స్త’యే. కోత అక్షరం హద్దులోనే పడాలి. లైబ్రరీ వాడుతుంటే అది యూనికోడ్ 15.1 లేదా ఆ తర్వాతి నియమాలు పాటిస్తోందో లేదో చూసుకోండి. అంతకుముందు నియమాలు సంయుక్తాక్షరాన్ని పొల్లు దగ్గర విడగొట్టేవి. కోశాక, కోశామని పిలిచినవాడికి చెప్పండి.

ఫార్మాట్ వాక్యంలో (ఏ విలువ ఎక్కడ, ఎలా అచ్చవ్వాలో చెప్పేది) అడిగినవాటికీ ఇచ్చిన ఆర్గ్యుమెంట్లకూ లెక్క కుదరకపోతే? ఫార్మాట్ వాక్యం కోడ్‌లోనే ఉంటే కంపైలర్ లెక్కపెట్టాలి. లేకపోతే గో భాషలా ‘మిస్సింగ్’, ‘ఎక్స్‌ట్రా’ అని అచ్చులోనే కనబడనివ్వండి. బయటివాళ్లు టైప్ చేసిన వాక్యాన్ని ఫార్మాట్‌గా మాత్రం ఒప్పుకోకండి. వెడల్పుకూ పరిమితి పెట్టండి, లేకపోతే ఎవరో రెండు వందల కోట్లు అని రాస్తారు. పైథాన్ కూడా 2022లో పూర్ణాంకాన్ని పదుల అంకెలుగా మార్చడానికి 4300 అంకెల హద్దు పెట్టింది, అతి పొడవైన సంఖ్యలతో సర్వర్‌ను తొక్కిపెట్టొచ్చని.

టెస్టులు ప్రతి టైపు రెండు చివరల దగ్గరా, ఆ చివరలకు అటూ ఇటూ ఒక్కటి తేడాతోనూ రాయండి. నా ఫైల్లో మొట్టమొదటి టెస్టు మాత్రం వేరు: 10482937ని ఏడు గళ్లు దాటకుండా అచ్చేయమంటే ఏడు నక్షత్రాలు రావాలి.